బొట్టు పెట్టి లారీ ఎక్కించిన కోతులు

బందరు వైపు రైలెక్కేవాళ్ళకి ముందుగా ఒక సలహా. బెజవాడలో పొద్దున్న ఆరున్నరకి కదిలే పాసింజరులో కుడిచేతి వైపు కిటికీ దగ్గర కూర్చోకండి. గుడివాడ దాకా ఎండ మొహం మీదే కొడుతుంది. నేను మాత్రం కావాలనే అక్కడ కూర్చున్నాను. ఆ పొద్దున నాకు మనుషుల మొహాలు చూడబుద్ధి కాలేదు.

నేను బెజవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెబుతాను. నా కోపం మీద మా స్టాఫ్ రూములో కథలు చెప్పుకుంటారు. అందులో సగం నిజం. అంతకు ముందు వారం సత్తార్ గారని బందరు ఫారెస్టు రేంజరు మా కాలేజీకి వచ్చారు. గుడివాడ గూడ్స్ షెడ్డులో తాటాకులు కప్పిన చెక్కపెట్టెలు పట్టుకున్నామని చెప్పారు. పెట్టెల్లో కోళ్ళున్నాయని బుక్ చేశారట. పోర్టరొకడు ఒక పెట్టెకి ఆనుకుని బీడీ ముట్టించుకుంటూ ఉంటే లోపల్నుంచి చెయ్యి వచ్చి అతని తువ్వాలు లాగేసింది. కోడికి చెయ్యెక్కడిదని ఆ పోర్టరు కేకలు పెట్టాడు, పోలీసులొచ్చారు, పోలీసులు సత్తార్ గారికి కబురు చేశారు. పెట్టెల నిండా కోతులు.

ఆ ఏడే కోతుల్ని విదేశాలకి పంపకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. పెట్టె లెక్కన అమ్ముకునే వ్యాపారం పోయేసరికి ఏజెంట్లు దొడ్డిదారులు వెతుక్కున్నారు. ఈ కోతుల తాలూకు ఏజెంటు కోర్టులో చెబుతున్నది ఏమిటంటే, ఇవి నిషేధానికి ముందు ఎక్కడో దూరపు జిల్లాల్లో పాత పర్మిట్టు మీద పట్టినవి, మన దేశంలోని ఒక ప్రయోగశాలకే వెళ్తున్నాయి అని. నేను రైలెక్కిన మర్నాడే బందరు కోర్టులో విచారణ. ఇవి కొత్తగా, ఈ చుట్టుపక్కలే పట్టినవని తేలకపోతే పెట్టెలు ఏజెంటు చేతికి తిరిగి వెళ్ళిపోతాయి. ఆ సాయంత్రానికి మద్రాసు రైలు, ఆ తర్వాత ఏ దేశంలో ఏ బల్ల మీదకో ఎవరికీ తెలియదు. నేను వచ్చి జంతువుల్ని చూసి నాకు తెలిసింది కోర్టులో చెప్పాలని సత్తార్ గారు అడిగారు.

ఇందుపల్లిలో ఒక పెద్దాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. ఎక్కడికమ్మా అంటే కోతుల కేసుకని చెప్పాను. రెండు చేతులూ జోడించి, స్వామి రూపం కదమ్మా, అలా చేసినవాడికి పుట్టగతులుండవు అన్నాడు. రెండు నిమిషాలాగి, తన జామతోటలోకి కోతులొస్తే వడిసెలతో ఎలా కొడతాడో, పోయినేడు ఒకదాని కన్ను ఎలా పోయిందో చెప్పాడు. ఆ రెంటికీ మధ్య ఏమీ అడ్డు ఉన్నట్టు ఆయనకి తోచలేదు. గుడివాడలో దిగేదాకా నేను కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాను.

ఎనిమిదింపావుకి గుడివాడ. స్టేషను బయట పాకహోటల్లో ఇడ్లీ బాగుంటుంది, అల్లం చట్నీ వేయమని అడిగితే వేస్తాడు, లేకపోతే లేదు. సత్తార్ గారు అక్కడే కలిశారు. యాభై దాటిన మనిషి, సన్నగా, ఖాకీ చొక్కా మీద పాత స్వెట్టరు. ఇద్దరం కలిసి షెడ్డుకి వెళ్ళాం.

చూసింది చూసినట్టు రాస్తాను. మా అత్తగారి ఊరగాయ జాడీలు పెట్టుకునే అల్మారా అంత లేదు ఒక్కో పెట్టె. అందులో నాలుగేసి, ఐదేసి కోతులు. నిలబడడానికి లేదు, వెనక్కి తిరగడానికి లేదు. ఒక తల్లికోతి చచ్చిన పిల్లని పొట్టకి కరుచుకునే ఉంది, తీయబోతే సత్తార్ గారి గార్డుని కరిచింది. వాసనకి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. వాసనకే అని అక్కడ చెప్పాను, ఇక్కడ మాత్రం వాసనకొక్కదానికే కాదని చెబుతున్నాను.

అరచేతులు చూశాను. నెలల తరబడి పెట్టెల్లో ఉన్న జంతువుకి అరచేతుల మీద, పిర్రల మీద పుళ్ళు కాయలు కాస్తాయి. వీటికి పుళ్ళు పచ్చిగా ఉన్నాయి. పట్టి పది పదిహేను రోజులకి మించి ఉండదు. ఆ సంగతి చెబుతుంటే సత్తార్ గారు, అది సరేనండీ, మొహాలు చూడండి అన్నారు.

చూశాను. ప్రతి కోతి నుదుటి మీదా సిందూరం. నూనెలో కలిపి పెట్టింది, ఆంజనేయస్వామి విగ్రహానికి పూసే సిందూరం. కొన్నిటికి చెరిగి కనుబొమల మీదకి జారింది గాని, ఏ ఒక్కదానికీ లేకుండా లేదు. ఎవరో ఒక్కొక్కదాన్నీ పలకరించి, ఊచల్లోంచి వేలు పెట్టి బొట్టు పెట్టారు.

మేం అక్కడుండగానే ఏజెంటు వచ్చాడు. ఇస్త్రీ ప్యాంటు, నోట్లో వక్కపలుకు, నాకు నమస్కారం పెట్టి మరీ మాట్లాడాడు. ఇవి పిల్లల మందుల కోసమండీ, పోలియో మందు వీటి మూత్రపిండాల్లోంచే తయారవుతుంది, మీకు తెలియనిది కాదు అన్నాడు. తెలియనిది కాదు. మందు కావాలంటే ప్రభుత్వాన్ని అడగాలి, ఎన్ని కావాలో ఎందుకో చెప్పాలి, ఇవ్వనంటే ఊరుకోవాలి. కోళ్ళని బుక్ చేసి తాటాకులు కప్పి దొంగతనంగా పంపేవాడికి పిల్లల ఆరోగ్యం గురించి మాట్లాడే హక్కు లేదని గూడ్స్ షెడ్డు మొత్తానికి వినపడేలా చెప్పాను. అతను నవ్వి, మీ ల్యాబులో కప్పల్ని కొయ్యరాండీ అని అడిగాడు. కోస్తాం అన్నాను. అందుకు కూడా కోపం వచ్చింది.

సిందూరం ఎక్కడిదో సత్తార్ గారు అప్పటికే సగం కనుక్కున్నారు. దివిసీమలో కోడూరు అవతల ఒక ఊళ్ళో కోతుల్ని మేళంతో సాగనంపారని ఎవరో లారీ క్లీనరు చెప్పాడట. ఆ ఊరివాళ్ళు ఒక్కరు కోర్టుకి వచ్చి, ఈ బొట్లు మేం పెట్టినవే అని చెబితే ఏజెంటు కథ అక్కడితో సరి. తొమ్మిదిన్నర బస్సుకి బయల్దేరాం. పామర్రులో మారి, చల్లపల్లి మీదుగా, పులిగడ్డ అక్విడక్టు దాటి అవనిగడ్డ చేరేసరికి పన్నెండయింది. భోజనం అవనిగడ్డ బస్టాండు వెనక మెస్సులో, పప్పుచారు బాగుంది, కూర అడక్కండి. అక్కణ్ణుంచి ఫారెస్టు జీపు. ఊరి పేరు రాయను. అక్కడి మనిషి ఒకావిడ రాయొద్దని అడిగింది.

ఊళ్ళకి ఊళ్ళు ఊడ్చేసిన ఉప్పెన వచ్చి అప్పటికి ఏడాది దాటింది. కొత్తగా కట్టి ఇచ్చిన సిమెంటు ఇళ్ళు వరసగా ఉన్నాయి, ఇళ్ళకి గుమ్మాలున్నాయి గాని చాలావాటికి తలుపులు లేవు. చెట్లు లేవు. నాలుగు మొండి తాడిచెట్లు మిగిలాయి. నిలువ నీడ లేని ఆ చోట కోతులు ఎక్కడికి పోతాయి, ఇళ్ళ మీదకే వచ్చాయి. పాదులు పీకేశాయి, పిల్లల చేతుల్లో అన్నం లాక్కున్నాయి, ఆరేసిన ధాన్యం చెల్లాచెదరు చేశాయి. అన్నీ పోగొట్టుకున్నవాళ్ళకి ఒక ఆనపకాయ పోతే ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకని కోతులు వద్దనుకున్నందుకు వాళ్ళ మీద నాకు కోపం లేదు.

కోపం వచ్చింది ఆ తర్వాత జరిగిందానికి. కోతిని చంపితే పాపం కాబట్టి చంపరు. అదే సమయానికి ఎవరో నలుగురు వలలు పట్టుకుని వచ్చి, కొండ మీద వదిలేస్తాం, స్వామి సన్నిధిలో హాయిగా ఉంటాయి అన్నారు. ఏ కొండ అని ఒక్కరూ అడగలేదు. ఇంటికింత అని చందా వేసుకుని ఆ దొంగలకే కూలి ఇచ్చారు. అటు అమ్మి డబ్బు, ఇటు పట్టినందుకు డబ్బు. శనివారం పూట వడపప్పు చల్లి, అరటిపళ్ళు పెట్టి, చిన్నప్పట్నుంచీ శనివారాలు గుడి దగ్గర ఊరి చేతుల్లో తినడం అలవాటైన కోతుల్ని తామే పిలిచి వలలోకి పంపారు. పెట్టెలకి పసుపు రాశారు. లారీ ముందు కొబ్బరికాయ కొట్టారు. ఊరి పొలిమేర దాకా డప్పులతో నడిచారు. సర్పంచి గారు ఇదంతా మాకు గర్వంగానే చెప్పారు, సత్తార్ గారు అసలు సంగతి చెప్పేవరకు.

చెప్పాక, బడి వరండాలో మా చుట్టూ కూర్చున్నవాళ్ళు ఇళ్ళ వైపు చూపులు తిప్పారు. తర్వాత ఒక్కొక్కరే లేచారు. ఒకాయనకి చేలో మడవ గుర్తొచ్చింది, ఒకాయనకి పెరుగు తోడు గుర్తొచ్చింది. కోర్టుకి ఎవరొస్తారని అడిగితే సర్పంచి గారు నేల చూస్తూ, మా ఊళ్ళో కోతులే లేవని రాసుకోండి అన్నారు. ఆంజనేయుణ్ణి కసాయికి అమ్మిన ఊరని పేరొస్తే మా ఊరికి పిల్లనెవరిస్తారండీ అని పక్కనాయన అందుకున్నాడు. అడుసు తొక్కడం అయింది, కాలు కడగమంటే మాత్రం మాకు కాళ్ళే లేవంటారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోతుల్ని ఏం చేస్తారో నాకు తెలిసినంతా చెప్పాను. కుర్చీకి ఎలా కడతారో, పుర్రెకి చిల్లు ఎక్కడ పెడతారో, తెలివి ఉండగానే ఏమేం చేస్తారో. సత్తార్ గారు రెండుసార్లు నా వైపు చూశారు, నేను ఆపలేదు.

స్తంభం పక్కన నిలబడిన ఒకావిడ అక్కడే కింద కూలబడింది. నాంచారమ్మ. యాభై ఏళ్ళుంటాయి. ఉప్పెనలో భర్తా కొడుకూ పోయారని తర్వాత సత్తార్ గారు చెప్పారు. ఆంజనేయస్వామి గుళ్ళో ఊడ్చి దీపం పెట్టేది ఆవిడే. సిందూరం కలిపిందీ, అన్నిటికీ బొట్టు పెట్టిందీ ఆవిడే.

"నా చేత్తోనే పెట్టానండి" అంది. "ఒక్కోదానికీ పెడుతూ, కొండకెళ్తున్నావు నాయనా, భయపడమాక అని చెప్పాను. ఉప్పెనయ్యాక మా దగ్గిరికి ఎంతమంది పెద్దలొచ్చారో, ఎన్ని చెప్పిపోయారో మీకు తెలవదు. ఆళ్ళ మాటలట్టా పోయినయ్. నా మాట కూడా అట్టా పోతే ఎట్టాగండి? నేనొత్తాను."

సర్పంచి గారు ఆవిణ్ణి పక్కకి పిలిచి చాలాసేపు మాట్లాడారు. ఊరి పంపు దగ్గర బిందె పెట్టనివ్వరని, గుడి తాళం తీసేసుకుంటామని చెప్పారట. ఆవిడ తాళంచెవి కొంగు ముడిలోంచి తీసి ఆయన చేతిలో పెట్టి, చీరె మార్చుకోవడానికి ఇంటికెళ్ళింది. జీపు ఎక్కాక నాతో అన్నదొక్కటే, మా ఊరి పేరు పేపర్లో రాయించకండమ్మా అని.

అవనిగడ్డలో నాలుగింటి బస్సు పట్టుకుని చీకటి పడేలోగా బందరు చేరాం. దారిలో ఒకడు చిలకలపూడి బంగారుపూత గొలుసులు అమ్ముతూ, ఏడేళ్ళయినా నలుపెక్కదని నాంచారమ్మకి ఒట్టేసి చెప్పాడు. ఇంకో ఏడేళ్ళు నేనుండాలి కదయ్యా అని ఆవిడ నవ్వింది. ఆ రోజు ఆవిడ నవ్వింది అప్పుడొక్కసారే.

బస సత్తార్ గారింట్లోనే. లాడ్జిలో సాక్షిని ఉంచితే ఏజెంటు మనుషులొచ్చి పలకరిస్తారని ఆయన భయం. ఆయన భార్య ఎవరూ చెప్పకముందే కొత్త కుండలో బియ్యం, వేరే పొయ్యి, కొత్త పుల్లలు సిద్ధం చేసి, మీరే వండుకోండి వదినగారూ అంది నాంచారమ్మతో. నాంచారమ్మ కుండని పక్కకి జరిపి పెట్టింది. తర్వాత, మీరొండిన దాంట్లోంచే ఓ ముద్ద పెట్టండమ్మా, ఇయాళ నాకు ఒండే ఓపిక లేదు అంది. అందరం పప్పూ వంకాయకూరా తిన్నాం.

మర్నాడు కోర్టు పదిన్నరకి. మా కేసు పిలిచేసరికి పన్నెండు. నన్ను ముందు బోను ఎక్కించారు. పుళ్ళ సంగతి చెప్పాను. ఏజెంటు లాయరు, మీరెప్పుడైనా కోతిని పెంచారా అని అడిగాడు. లేదు. పరిశోధన చేశారా. లేదు. మరి మీకు తెలిసింది కప్పల గురించేనా అన్నాడు. కోర్టులో నవ్వారు. నా సాక్ష్యం అంతటితో అయిపోయింది. పాతికేళ్ళ చదువు అయిదు నిమిషాలు ఆగలేదు.

తర్వాత నాంచారమ్మ. లాయరు గొంతుకి తేనె పూసుకుని మొదలుపెట్టాడు. అమ్మా, మీ ఊరివాళ్ళే చందా వేసుకుని పట్టించారా? ఔనండి. మీరే పిలిచారా? ఔనండి, అరటిపండు పెట్టి పిలిచాం. అంటే మీ అంతట మీరే ఇచ్చేశారన్నమాట, ఎవరూ దొంగిలించలేదన్నమాట. ఆవిడకి ఆ ప్రశ్న అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మేజిస్ట్రేటు గారు తెలియకపోతే తెలియదనమన్నారు.

"తెలుసండి" అంది. "మా తప్పు మాదేనండి. మేం కొండకిచ్చాం. కొండకిచ్చిందాన్ని కోతకి అమ్మితే దొంగతనం కాదా బాబూ?"

లాయరు ఇంకేదో అడగబోయాడు. మేజిస్ట్రేటు గారు పెట్టె చూడాలన్నారు. గుడివాడ నుంచి తెచ్చిన ఒక పెట్టె వరండాలో ఉంది. ఆయన కుర్చీ దిగి వచ్చి వంగి చూశారు. అప్పటిదాకా ఊచలు పట్టుకుని అరుస్తున్న కోతులు నాంచారమ్మ దగ్గరికి రాగానే అరుపు మానాయి. అందులో ఒకటి ఊచల్లోంచి చెయ్యి చాపింది, పండు కోసం. శనివారాలు తినిపించిన చెయ్యి కదా. ఆవిడ దగ్గర పండు లేదు. ఖాళీ అరచెయ్యి చాపి చూపించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏ లాయరూ ఇక కప్పల సంగతి ఎత్తలేదు.

ఉత్తర్వు మూడింటికి వచ్చింది. కోతులన్నీ ఫారెస్టు వాళ్ళకి, పట్టిన చోటే వదలాలి. ఏజెంటుకి బెయిలు. బెయిలు అన్న మాట వినగానే అతను లాయరు చెయ్యి కుదిపి, బయట సోడా కొట్టు దగ్గర నిలబడి, మా ముగ్గురికీ కూడా సోడాలు చెప్పాడు. నేను తాగలేదు. సాయంత్రానికి సర్పంచి గారి కబురు బస్సు కండక్టరు చేత వచ్చింది. ఒక్క కోతి మా పొలిమేర దాటి వచ్చినా జీపుకి అడ్డం పడుకుంటామని. చట్టం వాటిని విడిపించింది గాని వాటికి ఊరు లేదు. సత్తార్ గారు మళ్ళీ కోర్టు గుమ్మం ఎక్కి, మైలవరం అడవిలో కొండ మీద వదలడానికి అనుమతి తెచ్చుకున్నారు. ఆ వారంలో బతికున్నవాటిని అక్కడే వదిలామని తర్వాత చెప్పారు. బతికున్నవి అన్న మాట ఆయన గబగబా అనేశారు.

నాంచారమ్మ ఊరికి వెళ్తానంది. బిందె పెట్టనివ్వకపోతే కాలవ నీళ్ళు తెచ్చుకుంటానంది. సత్తార్ గారు గార్డుని తోడిచ్చి పంపారు. బస్సెక్కుతూ నాకు దణ్ణం పెట్టబోతే చేతులు పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున తొమ్మిదింటి బస్సులో బందరు నుంచి బెజవాడకి తిరుగు ప్రయాణం. టిక్కెట్టు బెజవాడ దాకా తీసుకున్నాను. సీటు దొరికింది, గాలి చల్లగా ఉంది, కోతలు మొదలైన చేలు రెండు వైపులా పసుపుగా ఉన్నాయి. ఈ రెండు రోజుల్లో నాకు అర్థమైందేమిటో మనసులో రాసుకుంటూ కూర్చున్నాను. దొంగ చెడ్డవాడని తెలుసుకోవడానికి ఇంత దూరం రానక్కర్లేదు. మంచివాళ్ళు దణ్ణం పెట్టి కళ్ళు మూసుకున్న ఆ కాసేపట్లోనే దొంగ లారీ నింపుకుంటాడు, అందుకే ఆ దణ్ణం మీదే నాకు ఎక్కువ కోపం అని రాసుకున్నాను. బాగానే కుదిరిందనుకున్నాను.

పామర్రులో ఒక రైతు ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నాడు. ఒళ్ళో పెద్ద అరటి గెల. పామిడిముక్కల దగ్గర ఊరట. గెల తగలకుండా జరుపుకుంటూ, ఇంట్లో శుభకార్యమా అని అడిగాను. కాదండీ, మా ఊళ్ళో కోతులెక్కువై పోతున్నాయి, శనివారం పట్టించి కొండకి పంపిస్తున్నాం, వాటికి పెట్టడానికి అన్నాడు. పట్టేవాళ్ళు బందరు వైపు నుంచే వచ్చారట, చాలా నెమ్మదస్థులట, కొండ దాకా లారీ కూడా వాళ్ళదేనట. మేళం మాట్లాడేశారట. "మీరూ రండమ్మా, మా ఆడాళ్ళు బొట్టు పెట్టి పంపుతారు, పుణ్యం" అన్నాడు. ఆయన మొహంలో కల్మషం లేదు. నాకు గట్టిగా అరవాలనిపించింది గాని, ఎవరి మీద అరవాలో తెలియలేదు.

పామిడిముక్కలకి దారి చీలే చోట ఆయన గెల భుజానికెత్తుకుని దిగాడు. నేనూ సంచీ తీసుకుని వెనకే దిగాను. కండక్టరు టిక్కెట్టు బెజవాడ దాకా ఉందండీ అని అరిచాడు, ఉండనివ్వండి అన్నాను. రైతు ఆశ్చర్యంగా వెనక్కి తిరిగాడు.

"శనివారం కదమ్మా, ఇయాళ కాదు."

"ఇవాళే రావాలండీ" అన్నాను. "ముందు మీ ఊళ్ళో బొట్టు పెట్టే ఆవిడ ఎవరో చూపించండి."